తొమ్మిది గంటల బాకీ

అన్యాయం జరిగింది ఎవరికి? చెల్లెలికి. చేసింది ఎవరు? తోడబుట్టిన అక్క. ఇరవై రెండేళ్ల కిందట తండ్రి పోయిన నాడు, విమానంలో వస్తున్న చెల్లెలి కోసం అక్క ఆగలేదు. సాయంత్రం ఏడింటికి ఆమె దిగేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఏడింటికని రాసి పంపాను కదా!"

అక్క తల వంచుకుంది. "పదింటికే వస్తావనుకున్నాను. ఒంటిగంట దాకా చూశాం. లెక్క నేనే తప్పానమ్మా."

"నాకు తొమ్మిది గంటలు బాకీ పడ్డావు" అని వెనుదిరిగిన చెల్లెలు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆమె పని విమాన టికెట్ల కార్యాలయంలో. అక్క ఉండే ఊరికి దూరమెంతని ఎవరడిగినా ఒకటే పాఠం. పన్నెండు వేల కిలోమీటర్లు, పద్నాలుగు గంటలు. కానీ అక్కడి గడియారం మనకంటే తొమ్మిది గంటలు ముందు, అది కలపడం మరిచారో కొంప మునుగుతుంది. దిగే వేళను చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చేది. తోటివాళ్లు ఆమెను గడియారమ్మ అనేవారు. టీ వేళ రాసినా రెండు గీతలేనని నవ్వేవారు. ఇంత చాదస్తమెందుకని ఎవరైనా విసుక్కుంటే, మా అక్క కలపలేదు కనుక అనేది.

ఒకరోజు మధ్యాహ్నం అక్క కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మ ఇందాకే పోయింది."

చెల్లెలు చీటీ మీద వేళ లెక్క కట్టుకుంది. రేపు సాయంత్రం ఏడింటికి దిగుతానని, ఆగుతారో లేదో వాళ్ల ఇష్టమని ముక్తసరిగా అంది.

"ఆగుతాం పిన్నీ. పిన్ని చెప్పిన వేళకు ఇంకో తొమ్మిది గంటలు కలుపుకోండి, అంతవరకు నన్ను కదపొద్దు అంది అమ్మ. అదే చివరి మాట."

ఏడు దాటాక ఆమె ఆ గదిలో అడుగుపెట్టింది. అక్క అక్కడే ఉంది. పక్కన ఖాళీ కుర్చీ. ఎవరినీ అందులో కూర్చోనివ్వలేదట. చల్లబడిన నుదుటి మీద చెయ్యి వేసేసరికి, ఇరవై రెండేళ్ల కోపం కళ్లలోంచి కారిపోయింది.

"నీ బాకీ పూర్తిగా తీరిందక్కా."

పైన కప్పడానికి ఉతికిన దుప్పటి కావాలంటే, తానే లేచి అక్క బీరువా తెరిచింది. దుప్పట్ల అడుగున, మడతల దగ్గర చిరుగుపట్టిన ఫ్యాక్స్ కాగితం ఒకటి ఉంది. అక్షరాలు వెలిసిపోతున్నాయి.

"అక్కా, నాన్నను ఉంచండి. రేపు ఉదయం పదింటికి దిగుతాను. ఒంటిగంట దాటితే విమానం అందలేదనుకోండి, నాకోసం ఆగొద్దు."

'పదింటికి' కింద రెండు గీతలున్నాయి.