ఇరవైకి ఇరవై

కొండవ్వ చేతి నుంచి రక్తం తీసి, ఆ సూదికి మూత పెట్టబోయింది వినీత. మూత పక్కకు జారింది. సూది తిన్నగా ఆమె ఎడమ చూపుడు వేలిలో దిగింది.

ఎర్రటి చుక్క కనపడగానే ఆ వేలు నోట్లో పెట్టుకుంది. అక్కడికి తప్పులు మూడయ్యాయి. నరం సరిగ్గా దొరకదని గ్లౌజు తీసేయడం ఒకటి, వాడిన సూదికి మూత పెట్టబోవడం రెండు, ఈ చప్పరింపు మూడు. ఇవేవీ తెలియని పిల్లా అంటే, కాదు. సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా ఏం చేయాలో నర్సింగ్ పిల్లలకు ఎంత తెలుసో చూద్దామని రోజారాణి మేడం ఆ పొద్దునే పరీక్ష పెట్టింది. ఇరవైకి ఇరవై తెచ్చుకున్నది ఈ వినీత ఒక్కతే. ఏడింటికే వార్డుకొచ్చి బట్టీ పట్టింది మరి.

పక్క మంచం దగ్గర బీపీ చూస్తున్న తోటి విద్యార్థిని శ్రీజ పరుగున వచ్చింది.

"సూదా? నడువ్, మేడంకు చెబుదాం."

"మెల్లగ మాట్లాడే. చెప్తే ఇంకేమన్న ఉన్నదా? ఇరవైకి ఇరవై తెచ్చుకొని గిదా నువ్వు జేసేది అంటది. వార్డు డ్యూటీ బంద్ జేస్తది."

"రెండు గంటలల్ల మందు పడాలె కదనే."

"నాకు తెల్వదా? అవ్వకున్నది ఒట్టి షుగరే. ఏం గాదు."

గోడ గడియారంలో పది దాటి పది నిమిషాలైంది. వినీత వేలికి దూది చుట్టుకుని ట్రే సర్దసాగింది.

"బిడ్డా, ఇటు రా" అంది కొండవ్వ. కొండపాక నుంచి వచ్చి చేరి మూడు రోజులైంది. అంతవరకూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. "నాకు గా రోగమున్నది."

"ఏ రోగం అవ్వా?"

"గదే. హెచ్చైవీ."

గొంతేమీ తగ్గించలేదు. పక్క మంచం అంజమ్మ తన నీళ్ల సీసా తీసి అవతలికి పెట్టుకుంది. వినీత గబగబా కేస్ షీటు తిరగేసింది.

"కాగితాలల్ల రాయలే కద అవ్వా. ఎప్పటిసంది?"

"గవన్ని ఎందుకు? ఉరుకు ముందుగాల."

వినీత ఉరికింది. వెనకే శ్రీజ. కుళాయి కింద సబ్బుతో వేలు కడిగి, తడి చేతులతోనే మేడం గదిలోకి దూసుకెళ్లింది. మేడం తిట్టడానికి నోరు తెరిచి, గడియారం చూసి మూసేసింది. వినీత రెక్క పట్టుకుని మెట్లు దిగింది. మందుల గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న కృపాకర్ గేటు బయట చాయ్ తాగుతున్నాడు. శ్రీజ చెప్పులు వదిలేసి పరుగెత్తి, గ్లాసుతో సహా అతణ్ని లాక్కొచ్చింది. డాక్టరు చీటీ రాశాడు. వినీత మొదటి మాత్ర మింగేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ.

"గెలిచినం" అంది శ్రీజ, ఆయాసపడుతూ.

మేడం మాత్రం అక్కడితో వదల్లేదు. కొండవ్వను అడిగి, ఒప్పించి, మళ్లీ రక్తం తీయించి పరీక్షకు పంపింది. గంటలోపే ఫలితం వచ్చింది. హెచ్ఐవీ లేదు. ఇంకో కిట్టుతో చూశారు. లేదు. డాక్టరు మాత్రలు ఆపేయమన్నాడు.

వినీత ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. తర్వాత కోపమొచ్చింది. తిన్నగా కొండవ్వ మంచం దగ్గరికెళ్లి నిలబడింది.

"నీకే రోగం లేదట అవ్వా."

"నాకెర్కే."

"మరి గట్లెందుకు జెప్పినవ్? వార్డంత నిన్నెట్ల చూస్తున్నరో చూసినవా?"

"చూస్తే చూడనీ. చెప్పకుంటే నువ్వు కదులుదువా?"

వినీత మంచం అంచున కూలబడి ముసలమ్మ చెయ్యి పట్టుకుంది.

"సూది గుచ్చుకుంటే ఉరకాలని నీకెవలు జెప్పిన్రు అవ్వా?"

కొండవ్వ నవ్వింది.

"పొద్దుగాల గీ మంచం కాడనే కూసోని గంటసేపు గట్టిగ సదివితివి కద బిడ్డా. నీకు మార్కులొచ్చినయ్, నాకు సదువొచ్చింది."