మూకుడు నలుపు

“గదేం తోముడు? దానికి నీళ్లు సూపిస్తాన్నవా?”

బోరింగు పక్కనున్న బండ మీద కూర్చుని సుక్కమ్మ అన్నది. మనోరమ తలెత్తలేదు. ముందర ఇనుప మూకుడు, చేతిలో కొబ్బరిపీచు, పక్కన గుప్పెడు పొయ్యి బూడిద. పొద్దున సర్వపిండి రొట్టె కాల్చిన మూకుడది. ఎన్నాళ్లదో నూనె అంచులకెక్కి, దాని మీద దుమ్ము పట్టి, వేలు పెడితే జిగటగా సాగుతోంది.

ఇప్పుడంటే ఏదీ అంటుకోని పెనాలొచ్చాయి గానీ, ఆ రోజుల్లో మేడ్చల్లో ఎవరింట్లో చూసినా ఇనుప మూకుడే. పొద్దు వాలితే చాలు, బోరింగుల కాడ గిన్నెల చప్పుడు, ఆ చప్పుడు మీదుగా ఆడవాళ్ల ముచ్చట్లు గల్లీ చివరిదాకా వినిపించేవి. ఆ రోజు మాత్రం మనోరమ చెవికి అవేవీ ఎక్కలేదు. కన్నంతా గడపలో ఉన్న సంచి మీదే ఉంది. సుక్కమ్మ షామీర్‌పేట నుంచి వచ్చీరాగానే మనవరాలు రక్షిత గౌన్లు, పుస్తకాలు మడిచి అందులో పెట్టేసింది.

“పొద్దూకే బస్సుకు పిల్లను తీస్కపోత. మా ఊరి బడిల ఏస్త,” అన్నది సుక్కమ్మ.

“ఎండకాలం సెలవులకు పంపుతనమ్మా. ఇప్పుడొద్దు.”

“సెలవులకు కాదు, ఇగ నా తాననే ఉంటది. పిల్లను జూసినవా, ఎట్ల గుంజుకపోయిందో? నోట్లె మాట లేదు. నీకు వంట రాదు, ఇల్లు సర్దుకునుడు రాదు. గీ మూకుడు జూస్తెనే తెలుస్తాంది నీ కాపురం.”

“ఆయన ఒప్పుకోడు.”

“అల్లుణ్ణి అడిగే వచ్చిన. ఫ్యాక్టరీ గేటు కాడ చాయ్ తాగిపిచ్చి మరీ చెప్పిండు, మీ ఇద్దరే తేల్చుకోండ్రి అని.”

సుధాకర్ అంతే. ఇంట్లో ఏ పంచాయితీ వచ్చినా చాయ్ తాగించి తప్పుకునే మనిషి. పిల్ల బడి నుంచి కాస్త ఆలస్యమైతే రోడ్డు దాకా ఉరుకుతుంది. రాత్రి దగ్గితే లేచి ఛాతీ మీద చెయ్యేసి కూర్చుంటుంది. ఇవన్నీ చెప్పుకోవాలంటే నోరు రాదు. మాటకు మాట అందించడం ఆమెకెప్పుడూ చేతకాలేదు.

గోడ అవతల నుంచి నాగమణి తల కనిపించింది. మొగుడి ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ.

“ఏంటి మనోరమా, ఇంకా దాంతోనే కుస్తీ పడుతున్నావా? ఇటుక పొడేసి రుద్దమని ఎన్నిసార్లు చెప్పాను. మాది చూడు, మొహం చూసుకోవచ్చు.”

“విన్నవా? పక్కింటామెకున్న తెలివి నీకు లేదు. ఇటు తే,” అని సుక్కమ్మ మూకుడు గుంజుకుంది. గోడ వారనున్న ఇటుక ముక్క అందుకుని నేరుగా అడుగున పెట్టింది.

మనోరమ ఆమె మణికట్టు పట్టేసుకుంది.

“అంచులు ఎంతన్న గీకు. అడుగు ముట్టకమ్మా.”

సుక్కమ్మ ఆ చేతి వంక, మనోరమ మొహం వంక చూసింది. ఇలా చెయ్యి పట్టి ఆపడం ఇదే కొత్త.

“ఎందుకు?”

“గా నలుపు వోతే మళ్ల రాదు. కొత్తల తెల్వక జరంత గీకిన. రుచి మారిందని రక్షిత ముక్క ముట్టలే, ఏడ్సుకుంటనే పండుకున్నది. గప్పటిసంది అడుగును ఉత్త బట్టతోని తుడుస్తాన. అంచులకు పీచు వెట్టాలన్నా భయమే, చెయ్యి జారి అడుగుకు తాకుతదేమోనని. గందుకే గింత జిడ్డు వట్టింది.”

సుక్కమ్మ ఇటుక ముక్కను కింద పెట్టింది.

“గీ మూకుడు నేనే కొన్న,” అన్నది. “కొత్త కాపురానికని, మేడ్చల్ అంగట్ల. అప్పుడు గరుకుగ, తెల్లగ ఉండె. నూనె రాసుడు, కాల్చుడు, తుడుసుడు, మల్ల కాల్చుడు. ఇల్లంత పొగ. దగ్గుకుంట నవ్వుకుంట జేసినం. గా నలుపు గట్లొచ్చింది.”

“ఇంకా చెప్పమ్మా.”

“ఏం జెప్పాలె. పొయ్యి మీద గంజి ఉన్నదా?”

ఉంది. వేడి గంజిని సుక్కమ్మ అంచుల వెంబడి సన్నగా పోసింది. జిడ్డు మెత్తబడింది. బూడిద అద్దిన వేలితో ఒక్కో చోట రుద్దుతుంటే పొరలు పొరలుగా ఊడొచ్చింది. మనోరమ అటువైపు అంచు పట్టుకుని తిప్పుతూ పోయింది. ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా వచ్చాయి. అడుగున నలుపు నలుపుగానే నిగనిగలాడింది.

“జిడ్డు వేరు, నలుపు వేరు. వేడి గంజికి జిడ్డు వోతది, నలుపు కదలది. గింతదానికి ఇన్నాళ్లు పరేషానైనవా, పిచ్చిదానా?”

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. సుక్కమ్మ చేతులు కడుక్కుని గడప దగ్గరికి నడిచింది. సంచి పక్కన రక్షిత మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. సుక్కమ్మ సంచి అందుకోబోయి ఆగింది.

“నీ ఇష్టం బిడ్డా. వస్తవా, ఉంటవా?”

మనోరమ పీచు పట్టుకుని నిలబడిపోయింది. పిల్ల సంచిని చూసింది. బూడిద తడి ఆరని మనోరమ చేతులను చూసింది.

“నేను రాను అవ్వా. అమ్మ కాడనే ఉంట.”

సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కన్నతల్లి, సుక్కమ్మ కూతురు, చనిపోయాక రక్షిత నోట ‘అమ్మ’ అన్న మాట రావడం అదే మొదటిసారి.