పారబోసిన టీ

షుఫెన్ సూట్‌కేసుతో సహా దిగింది.

“అత్తయ్యా, వచ్చేశాను,” అంది వచ్చీరాని తెలుగులో. ఆ తెలుగు భార్గవ్ నేర్పిందే.

“అత్తయ్య కాదు. ఆంటీ అను.” విద్యావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

1990 ఆగస్టు, ఇక్కడ చలికాలం. టూవూంబాలో చలిగాలి ఎముకలు కొరికేస్తోంది. అయినా విద్యావతి ఆ పిల్లని లోపలికి రమ్మనలేదు. చివరికి ఆమె భర్త కృష్ణమూర్తే వచ్చి సూట్‌కేసు అందుకున్నాడు.

ఈ ఇంట్లో అంతా తలకిందులు. నిరుడు భార్గవ్ ఈ మలేషియా చైనీస్ నర్సుని చేసుకుంటానన్నప్పుడు, కుదరదంటే కుదరదని ఎగిరింది తండ్రి. “పిల్ల బంగారం. పెళ్లి నేను చేస్తా,” అని కొడుకు పక్షాన నిలబడింది తల్లి. ఇప్పుడు యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఆ పెద్దమనిషి మెత్తబడ్డాడు. విద్యావతి అడ్డం తిరిగింది. ఆవిడ ఒకసారి అడ్డం తిరిగితే ఇక ఎవరి తరమూ కాదు. భార్గవ్ అయితే ఏమీ అనడు. గొడవంతా ఈ ముగ్గురిదే.

“ఇక్కడి హాస్పిటల్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నా ఆంటీ. బ్రిస్బేన్‌లో రూం ఖాళీ చేసేశా.”

“మళ్లీ తీసుకో.”

“విద్యా, తనే డిసైడ్ అయి వచ్చింది కదా,” అన్నాడు కృష్ణమూర్తి. “ఒప్పుకుంటే మనదేం పోతుంది?”

“మనదేం పోదు. అందుకే వద్దంటున్నా.”

షుఫెన్ తల ఎత్తింది.

“భార్గవ్‌కి ప్రామిస్ చేశాను ఆంటీ. మా నానమ్మ చెప్పే కథల్లో నక్కలు కూడా ఆడవాళ్ల రూపంలో వచ్చి, మాటిచ్చినవాడితో కాపురం చేస్తాయి. దయ్యాలు కూడా మాట తప్పవు. మనిషిని, నేను తప్పుతానా?”

“ఆ కథలు మీ నానమ్మ దగ్గరే ఉంచు. నా కొడుక్కి పెళ్లాం అక్కర్లేదు.”

“విద్యా!” అన్నాడు కృష్ణమూర్తి.

షుఫెన్ ఏడవలేదు. అదీ తక్కువ మొండిది కాదు. వంటింట్లోకి వెళ్లి ఖర్జూరాలు వేసి టీ కాచింది. రెండు చిన్న కప్పుల్లో పోసి తెచ్చి, కార్పెట్ మీద మోకాళ్లూని కూర్చుంది. అత్తమామలు ఆ కప్పు తీసుకుని ఒక్క గుక్క తాగితే చాలు, ఆ పిల్ల ఆ ఇంటి కోడలు. వాళ్ల పద్ధతి అది. పెళ్లికొడుకు పక్కన లేకపోయినా ఆ పెళ్లి చెల్లుతుంది.

కృష్ణమూర్తి కప్పు అందుకున్నాడు. పెదాల దాకా వెళ్లిన కప్పుని విద్యావతి లాగేసుకుంది. రెండో కప్పు కూడా తీసుకుని సింకులో గుమ్మరించింది. అంతటితో ఊరుకుందా? స్టవ్ మీద మిగిలిన టీ కూడా పారబోసింది.

“ఎంత పని చేశావే!” అన్నాడు కృష్ణమూర్తి.

“చేస్తా. ఈ ఇంట్లో నేను బతికున్నంతకాలం ఈ పెళ్లి జరగదు. మీరూ వినండి, ఆ పిల్లా వినాలి.”

సూట్‌కేసు తనే ఈడ్చుకెళ్లి ఆ పిల్ల కారు డిక్కీలో పడేసింది. షుఫెన్ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. పక్కింటావిడ గులాబీలకి నీళ్లు పట్టడం మానేసి చూస్తోంది. చూస్తే చూడనీ అనుకుంది విద్యావతి.

“నేనంటే ఎందుకు ఆంటీ ఇంత కోపం?” షుఫెన్ స్టీరింగు వదిలేసి ఇటు తిరిగింది. “నేనేం తప్పు చేశాను?”

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా విద్యావతికి ఒక్కసారిగా పొంగుకొచ్చింది. కారు కిటికీలోంచి రెండు చేతులూ చాపి, ఆ పిల్ల మొహాన్ని దగ్గరికి లాక్కుని గట్టిగా అరిచింది:

“బతికున్నవాణ్ణి చేసుకోవే తల్లీ, చచ్చిపోయిన నా కొడుకుని కాదు!”