కొస నల్లబడిన గరిటె

ఆదివారం ఉదయం పదీ ఇరవైకి, ఆయిలూ ఫిల్టరూ మార్చి స్టార్ట్ చేసిన మామగారి పాత కారు కింద ఆయిల్ చుక్కలు పడ్డాయి. అల్లుడు గబగబా ఇంజన్ ఆపాడు.

"పద్దెనిమిదేళ్లుగా దీనికి నేనే ఆయిల్ మారుస్తున్నాను. నేల మీద ఒక్క చుక్క చూడలేదు," అన్నారు మామగారు. "కారు నీకిస్తానన్న మాట నిజమే. నేను స్నానం చేసి వచ్చేసరికి ఈ కారడం ఆగకపోతే మాత్రం తాళం చెవి అడక్కు."

బాత్రూంలో ఆయన పాట మొదలవగానే అత్తగారు చెక్క గరిటెతో వచ్చారు. దాని కొస నల్లగా ఉంది.

"ఫిల్టర్ విప్పు బాబూ."

"గట్టిగానే బిగించానండీ అత్తయ్యా."

"బిగింపు కాదు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది. దాని మీదే కొత్తది బిగించి ఉంటావు."

విప్పి చూస్తే రింగు అక్కడే ఉంది. అత్తగారు గరిటె కొసతో గీకారు. ఊడి వచ్చింది.

"మీకెలా తెలుసు?"

"మీ మామయ్య మార్చిన ప్రతిసారీ కారింది. ఆయన స్నానం అయ్యేలోపు నేను ఆపాను."

"చెప్పలేదా?"

"చెబితే మూడ్రోజులు మూతి ముడుచుకుంటారు. నేల తుడువు, పాట అయిపోవచ్చింది."

అల్లుడు ఫిల్టర్ బిగించి, తగ్గిన ఆయిల్ పోసి, మళ్లీ స్టార్ట్ చేశాడు. చుక్క పడలేదు.

మామగారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి, వంగి నేల మీద వేలు రాశారు.

"చూశావా? నా దగ్గర నేర్చుకుంటే ఇలా ఉంటుంది."

"అవునండీ మామయ్యా."

తాళం చెవి మామగారు ఇచ్చారు. గరిటె అత్తగారు ఇచ్చారు, కాగితంలో చుట్టి.