తడి తాత

వాషింగ్ మెషిన్‌కు అడ్డంగా తడి తాత నిలబడ్డాడు.

"టెంటును ఇందులో వేయకండి బాబూ. పైపూత పోతుంది. ఇక వానకు ఆగదు."

కొండలెక్కే సంఘం కార్యదర్శికి ఒళ్ళు మండింది.

ఆర్నెల్ల కిందట ఎక్కణ్ణుంచో వచ్చి, సామాన్ల గదిలో పని ఇమ్మన్న మనిషి. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. ఏ టెంటు ముట్టుకున్నా ఇంకా తడి ఉందంటాడు కనక తడి తాత అయ్యాడు.

అన్నీ చాదస్తాలే. ఒట్టి నీళ్ళు, స్పాంజి ముక్కతో తుడుస్తాడు. జిప్పులో ఇసుకను పళ్ళ బ్రష్షుతో దులుపుతాడు. రెండు రోజులు నీడన ఆరేస్తాడు. చివరికి మడతైనా పెట్టకుండా, పాత దుప్పటితో కుట్టిన సంచిలో వదులుగా కుక్కుతాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం.

మర్యాద కూడా తెలియదు. ఎప్పుడో దేశాలు పట్టిపోయిన సంఘం స్థాపకుడు కాలం చేసే ఉంటాడని కార్యదర్శే తేల్చి, ఏటా ఆయన ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం పాటింపజేస్తాడు. మొన్న ఆ మౌనంలో దగ్గాడని తడి తాతను బయటికి పంపాల్సి వచ్చింది.

"తాతకు దగ్గులు నేర్పకు. రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు కార్యదర్శి.

తడి తాత పక్కకు తప్పుకున్నాడు.

"రేపు కొండకు మీ పాపను కూడా తీసుకెళ్తున్నారా?"

"అది నీకెందుకు?"

మెషిన్‌లో రెండు గుప్పిళ్ళ సబ్బుపొడి పడింది.

మర్నాడు మధ్యాహ్నం కొండ మీద వాన పట్టుకుంది. తళతళలాడే టెంటు జల్లెడలా కారింది. వారం కిందటే జ్వరం తగ్గిన పాప పళ్ళు టకటకలాడుతున్నాయి. కార్యదర్శి పొడి దుప్పటి కోసం సామానంతా తిరగేస్తుంటే, తను సర్దని దుప్పటిగుడ్డ సంచి ఒకటి అడుగున దొరికింది.

అందులోని పాత టెంటు వేశారు. లోపల చుక్క పడలేదు. పాప ఒళ్ళు వెచ్చబడి నిద్రపోయింది.

ముసలాడు ఒక్క పని సరిగ్గా చేశాడు, కొండ దిగాక మళ్ళీ పిలుద్దాం, అనుకున్నాడు కార్యదర్శి పెద్ద మనసుతో.

సంచి మూతికి ఒక చీటీ కట్టి ఉంది.

"కడిగి రెండు రోజులు ఆరబెట్టాను. పాప కోసం."

కింద ఉన్న సంతకం, ఆఫీసులో తన కుర్చీ వెనక, సంఘం స్థాపన పత్రం మీద కార్యదర్శి రోజూ చూసేదే.