అల్లం వరుస

“చెవులు మంచిగనే ఉన్నయట డాక్టరమ్మా.”

యాదమ్మ భాగీరథి క్లినిక్ గడప దాటకముందే చెప్పేసింది. కొడుక్కి హైదరాబాద్ పెద్ద దవాఖానలో చెవుల పరీక్ష చేయించి, అప్పుడే జహీరాబాద్‌లో బస్సు దిగి వస్తోంది. చంకలో అయిదేళ్ల విరూపాక్ష. వెనకాల అత్త బస్వమ్మ.

భాగీరథి ముఖం వెలిగిపోయింది. ఏ చిన్న మంచిమాట విన్నా ఆ ముఖం అలాగే వెలుగుతుంది. పెళ్లయినప్పటి నుంచీ మరీను. భర్త మదన్‌మోహన్ రోజూ సాయంత్రం మూరెడు మల్లెలు తెస్తాడు. ఒకసారి కనకాంబరాలు తెమ్మంటే పూలకొట్టు ముందు చాలాసేపు నిలబడి, చివరికి మల్లెలే తెచ్చాడు. తనకు మల్లెలే నప్పుతాయని ఆయనకెంత పట్టుదలో అని ఆమె మురిసిపోయింది. మాట్లాడేటప్పుడు ఆయన ఇప్పటికీ ఆమె కళ్లలోకి చూడడు, చెవుల జూకాల వైపు చూస్తాడు. “కొత్త పెండ్లికొడుకు గద, సిగ్గు” అంటుంది ఆయా సీతాబాయి. ఆ సిగ్గు గుర్తొస్తే భాగీరథికి పనిలో కూడా నవ్వొస్తుంది.

ఆమె పిల్లల సైకాలజిస్టు. మాట రాని పిల్లల్ని, బడిలో కుదురుగా కూర్చోలేని పిల్లల్ని ఆడించి చూస్తుంది. వాళ్ల మనసు ఏ దారిన నడుస్తోందో పట్టుకుని తల్లులకు చెబుతుంది. మందు రాయదు కనుక ఊళ్లో ఆమెకు ‘సూది వేయని డాక్టరమ్మ’ అని పేరు. “సూది లేకుంటేంది, మా మేడమ్ కండ్లే సూదులు. ఒక్కసారి చూస్తె పిల్లగాని సంగతంత చెప్తది” అని సీతాబాయి వచ్చినవాళ్లందరికీ చెబుతుంటుంది.

“చెవులు మంచిగున్నయంటె నవ్వుతవేంది బిడ్డా?” బస్వమ్మ బెంచీ మీద కూలబడింది. “చెవుడైతె మిషిను పెట్టిస్తుంటిమి. చెవులుండి మాట రాలేదంటె ఇగ మెదడే లేనట్టు గద.”

“అట్ల కాదవ్వా.”

“మరెట్ల? వీన్ని సోమారం తెచ్చి ఇడుస్తమని నా కొడుకు హైదరాబాద్ ఆశ్రమంల చెప్పి వచ్చిండు. చెవుల సంగతి తేలనియ్యున్రి అని ఇది ఏడ్చింది. తేలింది గద.”

యాదమ్మ కొడుకును కిందికి దించింది. వాడు చొక్కా జేబుల్లోంచి విత్తనపు అల్లం ముక్కలు తీసి గోడవారన వరుస పెట్టసాగాడు. చిన్నది, దాని పక్కన కొంచెం పెద్దది, ఆ పక్కన ఇంకొంచెం పెద్దది. కోహీర్‌లో వాళ్లకు అల్లం చేను ఉంది. వాడి ఆట సామానంతా అదే.

మంచినీళ్లు తెస్తున్న సీతాబాయి కాలు తగిలి వరుస చెదిరింది. వాడు కెవ్వుమన్నాడు. యాదమ్మ ముక్కల్ని గబగబా సర్దింది. వాడు ఇంకా ఏడ్చాడు.

“ఇగో, రోజు గిదే లొల్లి” అంది బస్వమ్మ.

భాగీరథి ఆమె పక్కన కూర్చుంది. “అవ్వా, వీడికి మెదడు లేక కాదు. అది వేరే తీరుగా నడుస్తోంది. ఇంట్లోనే ఉంచుకుని వారం వారం తీసుకురండి. వీడితో ఎట్ల ఆడాలో, ఎట్ల పలికించాలో యాదమ్మకు నేర్పిస్తాను.”

“నేర్పిస్తె మాటొస్తదా?”

అబద్ధం చెబితే ముసలామె ఇప్పుడే ఒప్పుకుంటుంది. భాగీరథి చెప్పలేకపోయింది.

“వస్తుందని మాటివ్వలేను. రాదని కూడా ఎవ్వరూ చెప్పలేరు.”

బస్వమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “నేను రాయిని గాదు బిడ్డా. నేను పోతె, ఇది గూడ పోతె వీనికెవలు దిక్కు? వీడు కొలువు జేస్తడా? వీనికి పిల్లనెవలిస్తరు? ఇసొంటోడు పెద్దగై, సంసారం జేస్తున్నోన్ని ఒక్కన్ని చూపియ్యి. నా కండ్లతోని చూస్త. ఆశ్రమం మాట మల్ల ఎత్తితె నన్నడుగు.”

భాగీరథి చదివిన పుస్తకాల్లో అలాంటివాళ్లు ఉన్నారు. అందరూ సముద్రాలవతలి వాళ్లే. కోహీర్ ముసలమ్మకు కళ్లారా చూపించడానికి ఎవరున్నారు?

“మన సారొచ్చిండు. ఇగ గడియారం సరిజేస్కోవచ్చు” అని సీతాబాయి ముసిముసిగా నవ్వింది.

మదన్‌మోహన్ చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో మిగతావాళ్లెవరూ గమనించలేదు. చేతిలో మల్లెల పొట్లం. దాన్ని భార్య బల్ల మీద పెట్టి, తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. పిల్లవాణ్ణి పలకరించలేదు, వాడి వైపు చూడనైనా చూడలేదు. వరుసలో తారుమారైన రెండు ముక్కలు తీసి అటుదిటు, ఇటుదటు మార్చాడు.

విరూపాక్ష ఏడుపు ఆగింది. జేబులోంచి ఇంకో ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు.

యాదమ్మ నోరు తెరిచి చూసింది. వాడు తనంతట తాను ఎవరి చేతికీ ఏదీ ఇచ్చి ఎరగడు.

“మీ సారు గూడ పిల్లల డాక్టరేనా?” అంది బస్వమ్మ.

భాగీరథి నవ్వేసింది. “కాదవ్వా. ట్రాక్టర్ల కంపెనీలో డ్రాయింగులు గీస్తారు. ఇంట్లో నా గాజులు కూడా ఇట్లాగే వరుసలో పెడతారు. పని అలవాటు.”

మదన్‌మోహన్ ఆ ముక్కను దాని చోట పెట్టాడు. ఆమె జూకాల వైపు చూస్తూ అన్నాడు. “రేపు ఐతారం. రాయికోడ్ నుంచి మా అమ్మ వస్తది. వీళ్లను గూడ అన్నానికి రమ్మను. అమ్మతోని మాట్లాడుతరు.”

“అత్తయ్యతోనా? ఎందుకు?” భాగీరథికి అర్థం కాలేదు.

“ఆమెకేం ఎరుక సారూ, ఈ పిల్లగాని సంగతి?” అంది బస్వమ్మ.

ఆయన ఇంకో ముక్క కోసం పిల్లవాడి ముందు చెయ్యి చాపాడు.

“ఏడేండ్లదాక నాకు గూడ మాట రాలే.”