అడ్డగీత

ఇప్పుడు పాత వస్తువేదైనా ఫోను కంట పడితే, చెవిన పడితే చాలు, తనే ధర కట్టి ఆన్‌లైన్ అంగడిలో పెట్టేస్తుంది. కొనేవాడు తగిలితే బండి వచ్చి పట్టుకుపోతుంది. వద్దనే వీలు లేదు. గ్రామఫోను సూదుల ఖాళీ డబ్బాకే నాలుగు లక్షలు. అందుకే నా రిపేరు కొట్టుకు వచ్చేవాళ్లు ఫోను ఇంట్లో బియ్యం డబ్బాలో కుక్కి వస్తారు.

నాంచారమ్మ కూడా అలాగే వచ్చింది. ఒకప్పుడు బుర్రకథ చెప్పిన మనిషి. తొంభై ఏళ్లకు గొంతు పోయి గుసగుస మిగిలింది. చెంగు చాటు నుంచి రికార్డు తీసింది. పదహారో ఏట పాడిందట.

"మస్తానూ, ఒక్కసారి వినిపించరా. నేనెట్టా పాడేదాన్నో నాకే గుర్తు రావట్లా."

సూది కొనే తాహతు ఇద్దరికీ లేదు. కొట్టులోని గ్రామఫోనుకు తుమ్మముల్లు బిగించి కీ ఇచ్చాను. గొంతు ఖంగున లేచింది. ఆమె కళ్లు మూసుకుంది.

"అరుదైన రికార్డు. అరవై రెండు లక్షలు. అమ్ముడైంది," అంది నా చెవి మిషను.

చెవుడుకని పెట్టుకున్న అదీ ఫోను లాంటిదే; తీసి పక్కన పెట్టడం మరిచాను.

వీధి మలుపులో బండి హారను మోగింది. గీత పడిన రికార్డును కొనరు. తిరిగే రికార్డును వేలితో ఆపి, స్క్రూడ్రైవరుతో అడ్డంగా ఒక్క గీత గీసి వదిలాను.

"నీ చేతులు పడిపోనూ! నీకేం చేశాన్రా నేను?"

"గీత పడింది. అమ్మకం రద్దు," అంది మిషను. బండి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

మిషను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాను. "అరవై రెండు లక్షలు. గీత పడింది. అమ్మకం రద్దు," అని మళ్లీ చెబుతోంది. విన్నది. ఇక తిట్టలేదు.

పాట నాకు వినపడటం లేదు. గీత దగ్గర చుట్టుచుట్టుకీ ఉలిక్కిపడే ఆమె ముఖాన్ని చూస్తూ కూర్చున్నాను.